కొనుక్కోదు... పెంచుకుంటుంది

స్పెయిన్‌లోని ఓ ఫుట్‌బాల్ క్లబ్బు వందేళ్లకు పైగా తన నేల దాటి ఆటగాణ్ని తెచ్చుకోలేదు. అయినా మొదటి డివిజన్ నుంచి ఒక్కసారీ జారిపడలేదు. అథ్లెటిక్ బిల్బావో కథ అసలు నడిచేది పెద్ద స్టేడియంలో కాదు. లెజామా అనే చిన్న ఊళ్లో, రిజర్వు జట్టు ఆడే మైదానంలో.

2018 ఆగస్టు. స్పెయిన్‌లో లీగ్ మొదలవడానికి పట్టుమని పదిరోజులు లేవు. అథ్లెటిక్ బిల్బావో గోల్‌కీపర్ కెపా అరిజబలాగాను ఇంగ్లండ్ క్లబ్బు చెల్సీ ఎగరేసుకుపోయింది. ధర 8 కోట్ల యూరోలు. అప్పటి మారకం ప్రకారం మన డబ్బుల్లో 630 కోట్ల రూపాయల పైమాటే. అప్పటిదాకా ప్రపంచంలో ఏ గోల్‌కీపర్‌కూ ఎవరూ అంత పెట్టలేదు. కెపాకు అప్పుడు 23 ఏళ్లు.

అంత సొమ్ము ఒక్కరోజులో చేతికొస్తే మరో క్లబ్బయితే ఖండాలు గాలించి కొత్త కీపర్‌ను కొనేది. బిల్బావో మాత్రం ఎల్చే అనే ఊరికి కబురు పెట్టింది. కొద్ది వారాల కిందటే అక్కడి క్లబ్బుకు లోన్ మీద పంపిన తమ కుర్రాడు ఉనాయ్ సిమోన్‌ను వెనక్కి వచ్చేయమంది. అతనికి 21 ఏళ్లు. రిజర్వు జట్టు తరఫున మూడో అంచె లీగ్‌లో ఆడిన అనుభవమే తప్ప పెద్ద మ్యాచ్ ఒక్కటీ ఆడలేదు. వచ్చేసరికి ఉన్న మరో కీపర్ గాయపడ్డాడు. ఆగస్టు 20న సొంతగడ్డ శాన్ మమేస్ స్టేడియంలో లెగానెస్‌తో మ్యాచ్‌కు సిమోనే గోల్‌పోస్టు ముందు నిలబడ్డాడు. జట్టు గెలిచింది. నాలుగేళ్ల తర్వాత ప్రపంచకప్‌లో స్పెయిన్ గోల్ కాపలా అతనిదే. 2024లో యూరో కప్ ఎత్తిన జట్టు గోల్‌కీపరూ అతనే.

కెపా, సిమోన్ ఇద్దరూ ఒకే అకాడమీలో పెరిగారు. ఒకే రిజర్వు జట్టులో ఆరితేరారు. ఒకరు వెళ్లిపోయిన రోజున మరొకరు సిద్ధంగా ఉన్నారంటే అది అదృష్టం కాదు. అంతకు యాభై ఏళ్ల ముందు నుంచీ ఆ క్లబ్బు చేస్తూ వచ్చిన పని ఫలితం.

ఏడు ప్రాంతాల గీత

బిల్బావో స్పెయిన్ ఉత్తరాన సముద్రానికి చేరువలో ఉన్న ఊరు. ఇనుప గనులు, ఉక్కు కర్మాగారాలు, ఓడల తయారీ ఒకప్పుడు దానికి అన్నం పెట్టాయి. ఆ ఖనిజాన్ని బ్రిటన్‌కు తీసుకెళ్లిన ఓడలతోనే ఫుట్‌బాల్ ఆ తీరానికి చేరింది. ఇంగ్లిషు కార్మికులు నది ఒడ్డున ఆడుతుంటే చూసినవాళ్లు, ఇంగ్లండ్‌లో చదువుకుని తిరిగొచ్చిన స్థానిక యువకులు కలిసి 1898లో క్లబ్బు పెట్టుకున్నారు. తొలినాళ్లలో ఇంగ్లిషువాళ్లూ అందులో ఆడారు. విదేశీ ఆటగాళ్ల విషయమై 1911 కప్పు పోటీల్లో పెద్ద గొడవ జరిగింది. ఆ మరుసటి ఏడాది నుంచి క్లబ్బు మనవాళ్లతోనే ఆడాలన్న దారి పట్టింది. ఇప్పటికీ అదే దారిలో ఉంది.

మనవాళ్లంటే ఎవరు? బాస్క్ ప్రజలుండే ఏడు ప్రాంతాల్లో పుట్టినవాళ్లు, లేదా అక్కడి క్లబ్బుల్లో ఆట నేర్చుకున్నవాళ్లు. ఆ ఏడింటిలో బిల్బావో ఉన్న బిస్కాయ, గిపుజ్కోవా, ఆలవా, నవార్రా స్పెయిన్‌లో ఉన్నాయి. మిగతా మూడూ ఫ్రాన్స్‌లో. అన్నీ కలిపితే జనాభా సుమారు 30 లక్షలు. మన హైదరాబాద్ నగరంలో సగం కూడా ఉండదు. ఆ కొద్దిమందిలోంచి పదకొండు మందిని ఏరుకునే ఒకప్పుడు మెస్సీ ఉన్న బార్సిలోనాతో, రొనాల్డో ఉన్న రియల్ మాడ్రిడ్‌తో తలపడ్డారు. 1929లో స్పెయిన్ లీగ్ పుట్టినప్పటి నుంచి మొదటి డివిజన్‌లోంచి ఎన్నడూ దిగిపోని క్లబ్బులు మూడే మూడు. ఒకటి రియల్ మాడ్రిడ్, ఒకటి బార్సిలోనా. మూడోది ఇది.

అలాగని గండాలు లేకపోలేదు. 2007లో చివరి మ్యాచ్ దాకా ప్రాణాలు ఉగ్గబట్టుకుని, లెవాంతేను ఓడించి ఒడ్డున పడ్డారు. పొరుగునే ఉన్న రియల్ సొసియెదాద్ కూడా ఒకప్పుడు ఇదే నియమం పాటించేది. 1989లో విదేశీ ఆటగాడు జాన్ ఆల్డ్రిడ్జ్‌ను తెచ్చుకుని దాన్ని వదిలేసింది. బిల్బావో అభిమానులు మాత్రం వదలలేదు. ఇక్కడ యజమాని అంటూ ఎవరూ లేరు. 1990లో స్పెయిన్ కొత్త చట్టం క్లబ్బులన్నిటినీ కంపెనీలుగా మారమన్నప్పుడు మినహాయింపు దక్కింది నాలుగింటికే. వాటిలో ఇదొకటి. సభ్యులే ఓటేసి అధ్యక్షుణ్ని ఎన్నుకుంటారు. ఆటగాళ్ల నియమం ఏ కాగితం మీదా శాసనంగా రాసి లేదు. వాళ్లు తలుచుకుంటే రేపే తీసేయొచ్చు. తీసేయలేదు. ఈ కథలో నన్ను అన్నిటికన్నా ఎక్కువ కదిలించేది ఈ సంగతే. ఎవరో రుద్దిన నియమం అయితే ఈపాటికి ఎప్పుడో పోయేది.

లెజామాలో ఏం జరుగుతుంది

బిల్బావో నుంచి లోకల్ రైలెక్కితే ఆఖరి స్టేషన్ లెజామా. పచ్చిక కొండల నడుమ చిన్న ఊరు. 1971లో క్లబ్బు ఇక్కడ మైదానాలు తెరిచింది. మొదటి జట్టు, మహిళల జట్టు, రిజర్వు జట్టు, పదేళ్ల పిల్లల జట్టు అందరూ సాధన చేసేది ఈ ఒక్క ఆవరణలోనే. పాత శాన్ మమేస్ స్టేడియాన్ని 2013లో కూల్చినప్పుడు దాని నెత్తిన ఉండే పెద్ద ఉక్కు కమానును తుక్కు కింద పోనివ్వలేదు. తెచ్చి లెజామాలో నిలబెట్టారు. సాధనకొచ్చే ప్రతి పిల్లవాడికీ అది కనబడుతుంది.

పిల్లల్ని పదేళ్ల వయసు నుంచి తీసుకుంటారు. అంతకుముందు వాళ్లు తమ ఊరి క్లబ్బులోనో, బడి జట్టులోనో ఆడుతుంటారు. బిస్కాయలోని ఊరూరి క్లబ్బులతో అథ్లెటిక్‌కు ఒప్పందాలున్నాయి. అక్కడి శిక్షకులకు తర్ఫీదు, క్లబ్బులకు కొంత ఆర్థిక సాయం అందుతాయి. బదులుగా మంచి పిల్లవాడు కనబడితే కబురొస్తుంది. దేశాలు తిరిగి ఆటగాళ్లను వెతికే మనుషుల్ని పెట్టుకునే అవసరం ఈ క్లబ్బుకు తక్కువ. తన నేలను గడపగడపా తెలుసుకోవలసిన అవసరం మాత్రం మరే క్లబ్బుకూ లేనంత ఉంది. ఒక్క మంచి పిల్లవాణ్ని చూడకుండా వదిలేస్తే, తర్వాత కొనుక్కుని ఆ లోటు పూడ్చుకునే వీలుండదు.

లెజామాలో వయసు వారీగా ఏడాదికో మెట్టు. పద్దెనిమిది దాటాక బాస్కోనియా. ఇది బిల్బావో పక్కనే బసౌరీలో ఉన్న పాత క్లబ్బు. 1990ల చివర్లో అథ్లెటిక్‌తో ఒప్పందం కుదుర్చుకుని కుర్రాళ్ల తొలి మజిలీ అయింది. అక్కడ నెగ్గుకొచ్చినవాళ్లు రిజర్వు జట్టుకు వెళతారు. 1964లో పుట్టిన ఆ జట్టు పేరు బిల్బావో అథ్లెటిక్. అది దాటితే శాన్ మమేస్.

గోల్‌కీపర్ల విషయంలో ఈ నేల పేరు మరీ ప్రత్యేకం. 1962 నుంచి 1980 దాకా 614 మ్యాచ్‌లలో గోల్ కాచిన జోసె ఆంగెల్ ఇరిబార్ ఇక్కడ ఇలవేల్పు లాంటివాడు. ఆయన వచ్చింది కూడా బాస్కోనియా నుంచే. ఆ తర్వాత సుబిజరెత్త, కెపా, సిమోన్, అగిర్రెజబలా. ఒకరి చేతిలోంచి మరొకరి చేతిలోకి గ్లవ్స్ మారుతూ వస్తున్నాయి.

పిల్లలు పెద్దలతో ఆడే చోటు

రిజర్వు జట్టు అనగానే మనకు బెంచీ మీద కూర్చున్నవాళ్లు గుర్తొస్తారు. స్పెయిన్‌లో అలా కాదు. అక్కడ పెద్ద క్లబ్బుల రెండో జట్లు దేశపు లీగ్ నిచ్చెనలోనే ఆడతాయి. మామూలు క్లబ్బుల్లాగే పైకి ఎక్కుతాయి, కిందికి జారతాయి. పందొమ్మిదేళ్ల కుర్రాడు శనివారం సాయంత్రం ఎదురయ్యేది తన ఈడు పిల్లల్ని కాదు. ఇల్లూ పిల్లలూ ఉండి, ఈ జీతం మీదే సంసారం నడుపుకునే ముప్పై రెండేళ్ల డిఫెండర్‌ను. అతనికి ఆ మూడు పాయింట్లు అవసరం. కుర్రాడి భవిష్యత్తు గురించి అతనికేం పట్టింపు ఉండదు. ఆట అసలు బరువు తెలిసేది అక్కడే.

ఇంగ్లండ్‌లో పెద్ద క్లబ్బుల కుర్రాళ్లు ప్రధానంగా తమలో తాము ఒక ప్రత్యేక లీగ్ ఆడుకుంటారు. రెండో జట్లను కింది డివిజన్లలోకి తేవాలని 2014లో అక్కడి సంఘం ప్రతిపాదిస్తే చిన్న ఊళ్ల క్లబ్బులు భగ్గుమన్నాయి. వాళ్ల బాధలో న్యాయం ఉంది. వందేళ్ల చరిత్ర ఉన్న తమ ఊరి జట్టు ఎవరిదో పిల్లల జట్టుతో ఎందుకు ఆడాలని వాళ్ల ప్రశ్న. అయినా ఆటగాడి ఎదుగుదల ఒక్కటే కొలబద్దగా చూస్తే స్పెయిన్ పద్ధతే మేలని నా నమ్మకం. సిమోన్‌ను చూశాక ఆ నమ్మకం ఇంకా గట్టిపడింది.

ఆ పద్ధతికి కట్టుబాట్లు లేకపోలేదు. రెండో జట్టు ఎంత బాగా ఆడినా మొదటి జట్టు ఉన్న డివిజన్‌లోకి రాకూడదు. దేశపు కప్పు పోటీ అయిన కింగ్స్ కప్పులోనూ 1990 నుంచి ఆడనివ్వడం లేదు. మొదటి డివిజన్‌లో 1 నుంచి 25 దాకా చొక్కా నంబర్లు అసలు జట్టువి. రిజర్వు నుంచి పైకి పిలిపించుకున్న కుర్రాడికి 26 ఆపైనే. వీపు మీద 30 అంకెతో ఒక కొత్త ముఖం మైదానంలోకి దిగితే స్పెయిన్ ప్రేక్షకులకు వెంటనే అర్థమైపోతుంది.

1983-84 సీజన్‌ను ఇక్కడ చెప్పుకోవాలి. ఆ ఏడు రెండో డివిజన్‌లో మొదటి స్థానం రియల్ మాడ్రిడ్ రిజర్వు జట్టు కాస్తియాది. తర్వాత స్పెయిన్ తారగా వెలిగిన బుత్రగేన్యో ఆడిన జట్టు అది. రెండో స్థానం బిల్బావో అథ్లెటిక్‌ది. ఇద్దరికీ పైకి వెళ్లే హక్కు లేదు. వాళ్ల కింద ఉన్నవాళ్లు వెళ్లారు. అదే సీజన్‌లో బిల్బావో మొదటి జట్టు లీగ్, కప్పు రెండూ గెలిచింది. ఆ జట్టు కోచ్ హావియర్ క్లెమెంటే. గాయం వల్ల చిన్న వయసులోనే ఆట మానేసి, బాస్కోనియాకూ రిజర్వు జట్టుకూ నేర్పించి, 31 ఏళ్లకే మొదటి జట్టు పగ్గాలందుకున్నవాడు. కుర్రాళ్లను పేరుపేరునా ఎరిగిన మనిషి పైకొచ్చాడు. తను తీర్చిదిద్దినవాళ్లను వెంట తెచ్చుకున్నాడు. ఇరవై ఏళ్ల తర్వాత ఎర్నెస్తో వాల్వెర్దే కూడా రిజర్వు జట్టు నుంచే మొదటి జట్టు కోచ్ అయ్యాడు.

రిజర్వు జట్టును పాయింట్ల పట్టికలో చూసి తూచితే మోసపోతాం. 2015లో బిల్బావో అథ్లెటిక్ చాలా ఏళ్ల తర్వాత రెండో డివిజన్‌కు ఎక్కింది. మరుసటి ఏడాదే ఆఖరి స్థానంలో నిలిచి దిగిపోయింది. కానీ ఆ ఓడిన జట్టులోని యెరాయ్ అల్వారెజ్ తర్వాతి సీజన్‌కల్లా మొదటి జట్టు రక్షణ వరుసలో కుదురుకున్నాడు. రిజర్వు జట్టుకు అదే గెలుపు.

సహారా దాటి వచ్చిన ఇంటిపేరు

ఈ నియమం గురించి వినగానే ఎవరికైనా ఒక అనుమానం రావాలి. ఇది రక్తం, జాతి అని గీతలు గీసే వ్యవహారం కాదా? రావలసిన అనుమానమే. ఒకప్పుడు పుట్టుక దగ్గర చాలా పట్టింపు ఉండేది. కాలంతో పాటు గీత జరిగింది, పెరిగిన చోటు పుట్టిన చోటుకు సమానమైంది. రక్తం ఏదన్న లెక్క ఇప్పుడు లేదనడానికి నిలువెత్తు రూపం విలియమ్స్ సోదరులు.

వాళ్ల అమ్మానాన్నలది ఆఫ్రికాలోని ఘనా. సహారా ఎడారిలో కొంత దారి కాలినడకన వచ్చారు. కాలే ఇసుకలో వట్టి కాళ్లతో నడిచిన తండ్రికి అరికాళ్లు కాలిపోయాయి. ఆఫ్రికా తీరాన స్పెయిన్ ఏలుబడిలో ఉన్న మెలియా దగ్గర కంచె దూకి స్పెయిన్‌లో అడుగుపెట్టారు. బిల్బావోలో వాళ్లను ఆదుకున్న మతగురువు పేరు ఇనాకి. 1994లో పుట్టిన పెద్దకొడుక్కి ఆ పేరే పెట్టుకున్నారు. కుటుంబం పాంప్లోనాలో స్థిరపడింది. ఎడారి ప్రయాణం సంగతి తల్లిదండ్రులు ఇనాకికి పెద్దయ్యేదాకా చెప్పనేలేదు.

18 ఏళ్లకు లెజామా చేరిన ఇనాకి బాస్కోనియాలో ఆడాడు. తర్వాత బిల్బావో అథ్లెటిక్‌లో. 2014 డిసెంబర్‌లో మొదటి జట్టులోకి వచ్చాడు. రెండు నెలల తర్వాత ఇటలీలోని తొరీనో మీద గోల్ కొట్టాడు. క్లబ్బు చరిత్రలో ఒక నల్లజాతి ఆటగాడు కొట్టిన తొలి గోల్ అది. అతనికి ముందు, 2011లో, అంగోలా తండ్రికి బిస్కాయలో పుట్టిన జోనాస్ రమాల్యో ఆ చొక్కా వేసుకుని దారి తెరిచాడు. ఇనాకి ఆ తర్వాత ఒక్క లీగ్ మ్యాచ్ కూడా తప్పకుండా వరుసగా 251 ఆడి స్పెయిన్ రికార్డు రాశాడు. తమ్ముడు నికో అతనికన్నా ఎనిమిదేళ్లు చిన్న. అదే మెట్ల మీదుగా పైకొచ్చాడు. అన్న ఘనాకు, తమ్ముడు స్పెయిన్‌కు ఆడతారు. 2024 యూరో ఫైనల్లో ఇంగ్లండ్ మీద తొలి గోల్ నికోదే. 2025లో బార్సిలోనా అతని కోసం గట్టిగా ప్రయత్నించింది. అతను 2035 వరకు బిల్బావోలోనే ఉంటానని సంతకం పెట్టాడు.

2024 ఏప్రిల్ 6న సెవియాలో కింగ్స్ కప్పు ఫైనల్. ప్రత్యర్థి మయోర్కా. సాన్సెత్ గోల్‌తో స్కోరు 1-1 అయింది. ఆ గోల్‌కు బంతి అందించింది నికో. పెనాల్టీల్లో అగిర్రెజబలా ఒక షాట్ ఆపాడు. చివరి బంతిని బెరెంగెర్ గోల్‌లోకి కొట్టాడు. 40 ఏళ్ల తర్వాత పెద్ద కప్పు ఇంటికొచ్చింది. 1984లో లాగే ఆటగాళ్లను పడవ మీద నదిలో ఊరేగించారు. రెండు ఒడ్లా లక్షల మంది నిలబడ్డారు. పడవ మీద ఉన్నవాళ్లలో చాలామంది తమ పక్క వీధి పిల్లలేనని ఒడ్డున ఉన్నవాళ్లకు తెలుసు. ఐరోపాలో ఇంకే పెద్ద క్లబ్బు అభిమానికీ ఈ మాట అనుకునే భాగ్యం లేదు.

పైకి రానివాళ్లు

ఇంతవరకు చెప్పినవన్నీ గెలిచినవాళ్ల కథలు. లెజామాలో అడుగుపెట్టిన పిల్లల్లో ఎక్కువమంది శాన్ మమేస్ దాకా రారు. ప్రపంచంలో ఏ అకాడమీలోనైనా అంతే. పదేళ్లకు తీసుకున్న పిల్లవాడికి పద్నాలుగేళ్లకో, పద్దెనిమిదికో ‘ఇక చాలు’ అని చెప్పాల్సి వస్తుంది. ఆ మాట చెప్పే తీరులోనే అకాడమీ విలువ తెలుస్తుంది. బిల్బావోకు ఇక్కడ ఒక మేలుంది. పిల్లల్లో చాలామంది తమ ఊళ్ల నుంచే వచ్చి వెళుతుంటారు. ఆట పోయినా ఇల్లూ స్నేహితులూ బడీ ఎక్కడికీ పోవు.

వద్దనుకున్నవాళ్లను మళ్లీ పిలవడానికీ ఈ క్లబ్బు నామోషీ పడదు. అరిత్జ్ అదురిజ్ రిజర్వు జట్టులో ఆడాడు. పైకి సరిపోడని పంపేశారు. మళ్లీ తెచ్చుకున్నారు, మళ్లీ అమ్మేశారు. 2012లో 31వ ఏట మూడోసారి తిరిగొచ్చాడు. ఆటగాళ్లు సాధారణంగా విశ్రాంతి గురించి ఆలోచించే ఆ వయసులో అతని అసలు ఆట మొదలైంది. 2016లో, 35 ఏళ్ల వయసులో, యూరోపా లీగ్‌లో గెంక్ మీద ఒక్క మ్యాచ్‌లోనే ఐదు గోల్స్ కొట్టాడు.

జోసెబా ఎత్చెబెర్రియా కథ ఇంకోలా ఉంటుంది. 1995లో, 17 ఏళ్లప్పుడు, రియల్ సొసియెదాద్ నుంచి భారీ మొత్తానికి అతన్ని తెచ్చుకున్నారు. పొరుగు క్లబ్బుకు ఆ కోపం చాలాకాలం తగ్గలేదు. పెద్ద క్లబ్బు చుట్టుపక్కల చిన్న క్లబ్బుల పంట కోసుకుపోతోందన్న ఆరోపణ ఇప్పటికీ వినబడుతుంది. దాన్ని కొట్టిపారేయలేం. 30 లక్షల మందిలో మంచి పిల్లల కోసం నాలుగైదు క్లబ్బులు పోటీ పడుతుంటే డబ్బున్నవాడిదే పైచేయి. ఈ నియమంలో ఉన్న నిజమైన మచ్చ ఇదే. ఎత్చెబెర్రియా మాత్రం తన రుణం తీర్చుకున్నాడు. తన ఆఖరి సీజన్ అయిన 2009-10లో జీతం తీసుకోకుండా ఆడాడు. తర్వాత రిజర్వు జట్టుకు కోచ్‌గా వచ్చాడు.

ఆడపిల్లలకూ ఇదే నియమం, ఇదే ఆవరణ. 2002లో మొదలైన మహిళల జట్టు తొలి మూడేళ్లూ వరుసగా దేశ ఛాంపియన్. 2019 జనవరిలో వాళ్ల కప్పు మ్యాచ్ చూడ్డానికి శాన్ మమేస్‌కు 48,121 మంది వచ్చారు.

మన ఊరి సంగతి

సొంత నేల పిల్లలతో పెద్దవాళ్లను ఓడించడం తెలుగు నేలకు తెలియని విద్య కాదు. బడిపంతులు సయ్యద్ అబ్దుల్ రహీం హైదరాబాద్ పిల్లల్ని ఏరి, తీర్చి, 1950 నుంచి 54 దాకా సిటీ పోలీస్ జట్టుకు వరుసగా ఐదు రోవర్స్ కప్పులు తెచ్చిపెట్టారు. డ్రిబ్లింగ్ చేయకుండా ఆడే పోటీలు, బలహీనమైన కాలితోనే ఆడే పోటీలు కుర్రాళ్లకు పెట్టారు. మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ నాలుగో స్థానంలో నిలిచిన 1956లో ఆ జట్టుకు గురువు ఆయనే. సికింద్రాబాద్ పిల్లవాడు తులసీదాస్ బలరాం అందులో ఉన్నారు. 1963లో రహీం పోయారు. ఆయన బుర్రలో ఉన్న అకాడమీకి మైదానం, భవనం, వారసుడు ఏర్పడలేదు.

2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ వచ్చింది. 2022లో ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. రిజర్వు జట్టూ ఉండేది. 2025లో ఆ క్లబ్బు ఢిల్లీకి తరలిపోయి పేరు మార్చుకుంది. కప్పు గెలిచిన క్లబ్బు మూడేళ్లలో ఊరు వదిలి వెళ్లిపోతే నగరం పెద్దగా కదలలేదు. ఆ జట్టులో తమ వీధి పిల్లలున్నారని అనుకున్నవాళ్లు తక్కువ.

మరో క్లబ్బు కోసం పెట్టుబడిదారుణ్ని వెతికే ముందు రెండు తెలుగు రాష్ట్రాల ఫుట్‌బాల్ సంఘాలూ ఒక పని చేయాలి. హైదరాబాద్‌లోనో, విశాఖలోనో, ఫుట్‌బాల్ ఇంకా బతికున్న మరో ఊళ్లోనో పదేళ్ల పిల్లల నుంచి పద్దెనిమిదేళ్ల వాళ్ల దాకా ప్రతి వయసుకూ ఏడాది పొడవునా వారం వారం లీగ్ నడపాలి. పదేళ్లు ఆపకుండా నడపాలి. మీ పేటలో సాయంత్రం పిల్లలు బంతి ఆడే మైదానం ఇంకా మిగిలి ఉంటే, దాన్ని పార్కింగ్‌కో, ఫంక్షన్లకో ఇవ్వకుండా మీరు అడ్డుపడండి.